చిన్నాయన బ్లోయరు

ఈమధ్య మా అపార్టుమెంటు కింద, కార్లు పెట్టుకునే చోట, పొగ బయటికి తోలడానికి పెద్ద బ్లోయరు ఒకటి బిగించారు. కాంట్రాక్టరు స్విచ్చి నొక్కగానే మొదట ఒక మూలుగు వచ్చింది. ఆ మూలుగు మెల్లగా సన్నబడి, చివరికి చెవికి అలవాటైపోయే హోరుగా నిలిచింది. అందరూ సంతోషించారు. నేను మాత్రం కర్ర ఊతంతో మెట్లు దిగి, యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది గాలి యాడనుంచి తీసుకుంటా ఉండాది నాయనా?" అని అడిగాను. ముసలామెకు ఈ ఆరా ఎందుకని ఆ అబ్బాయి నవ్వాడు. నవ్వినా, ఓపిగ్గా చూపించాడు. చూశాకే పైకొచ్చి కాఫీ తాగాను. అలాంటి యంత్రాన్ని నేను మొదట చూసింది వయసులో ఉన్నప్పుడు, పంతొమ్మిదివందల అరవైలలో, గూడూరుకు పడమటగా ఉన్న ఒక అభ్రకం గని దగ్గర. దాన్ని బిగించింది మా చిన్నాయన.

మాది బోగోలు వైపు సముద్రం ఒడ్డు పల్లె. వేటే మా బతుకు. ఒక తుపానులో పడవలూ వలలూ పోయి, ఆ వెనకే మా నాయనా పోయాక, మద్రాసులో ఫిట్టరు పని నేర్చుకుని గనిలో కుదిరిన చిన్నాయన మమ్మల్ని తన దగ్గరికి పిలిపించుకున్నాడు. మేమంటే అక్క, బావ, నేను. అక్కకూ నాకూ షెడ్డులో పని. గనిలోంచి వచ్చిన అభ్రకం పలకల్ని చిన్న కొడవళ్లతో పొరలు పొరలుగా చీల్చాలి. సాయంత్రానికి జుట్టూ రెప్పలూ చీరె కుచ్చిళ్లూ తళతళ మెరిసేవి. "రాజుగారి ఇంటి ఆడోళ్లు వస్తా ఉండారు, దారి ఇడవండి" అని బావ ఎగతాళి చేసేవాడు. ఆయనకు పని బావిలో. గనిలోకి దిగే నిలువు గుంటను అక్కడ బావి అనే అనేవారు. మొన్నటిదాకా అలల మీద నిలబడి వల విసిరిన మనిషి, నడుముకు తాడు కట్టుకుని భూమిలోకి దిగుతుంటే నేను చూడలేక తల తిప్పుకునేదాన్ని. ఆయన మాత్రం నవ్వుతూనే దిగేవాడు. సముద్రంలో అయితే చేప దొరికేదీ లేనిదీ తెలియదు, ఇక్కడ రాయి ఎక్కడికీ ఈదిపోదు అనేవాడు.

బావి లోతైనకొద్దీ లోపల గాలి చాలేది కాదు. రాయి పగలడానికి మందుగుండు పేల్చాక పొగ పోయేదాకా కాచుకోవాల్సి వచ్చేది. అందుకని మేనేజరుగారు మద్రాసు నుంచి ఒక పాత బ్లోయరును లారీలో తెప్పించారు. పెద్ద నత్తగుల్లలాంటి ఇనుప డొక్క, లోపల రెక్కల చక్రం, పక్కన దాన్ని తిప్పే డీజిలు ఇంజను, రెంటికీ కలిపి వెడల్పాటి బెల్టు. నత్త మూతినుంచి లావుపాటి గుడ్డ గొట్టం ఒకటి బావిలోకి దిగేది. చిన్నాయన దాన్ని బిగించిన తీరు ఇంట్లో పెళ్లి చేసిన తీరే. సిమెంటు దిమ్మె ఆరేదాకా దాని మీద కాకిని కూడా వాలనివ్వలేదు. బోల్టులు బిగించి, చక్రాన్ని చేత్తో తిప్పి, ఎక్కడా డొక్కకు ఒరుసుకోవడం లేదని చెవి ఆనించి విన్నాడు. బెల్టు చుట్టూ ఇనుప జాలీ కట్టించాడు. పైటలు గాలికి ఎగురుతాయని ఆడవాళ్లను ఆ ఛాయలకే రానిచ్చేవాడు కాదు. రెక్కల్లో దుమ్ము దులపాలంటే ముందు ఇంజను ఆపి, దాన్ని తిప్పి లేపే హ్యాండిలు ఊడదీసి మొలలో దోపుకునేవాడు. "ఈ హ్యాండిలు నా మొలలో ఉన్నంతసేపే నా చెయ్యి నాది" అనేవాడు. చిన్నమ్మ కంటే ఆ యంత్రాన్నే బాగా చూసుకుంటున్నాడని బావ అంటే, చిన్నమ్మ కూడా కాదనలేదు.

అది ఎండాకాలం. పడమటి గాలి కొడుతుండేది. ఇంజను పొగగొట్టాన్ని చిన్నాయన తూర్పుకు తిప్పి పెట్టాడు. పొగ అటే కొట్టుకుపోయేది. లోపల పనిచేసేవాళ్లు, కొండ మీద కూర్చున్నట్టుంది అన్నారు. ఆ నెలల్లో గనిలో చిన్నాయన మాటకు తిరుగు లేదు.

వానలు మొదలయ్యాయి. మా నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబరు దాటాకే. బెల్టు తడిసి జారిపోతుంటే, చిన్నాయనే అడిగి, ఇంజనూ బ్లోయరూ ఉన్న కొట్టానికి మూడు వైపులా తాటాకు తడికలు కట్టించాడు. తూర్పు వైపు మాత్రం మనుషులు తిరగడానికి వదిలేశారు. అప్పటినుంచి బావిలోంచి వచ్చేవాళ్లు కణతలు పట్టుకుని కూర్చోవడం మొదలైంది. ఒకడు వాంతి చేసుకున్నాడు. తాగొచ్చారని మేనేజరుగారికి అనుమానం. అమ్మవారికి కోపం వచ్చిందని కూలీలు బావి ఒడ్డున కోడిని కోశారు. షెడ్డులో ఆడవాళ్లం మాటలు తగ్గించుకుని పని చేసేవాళ్లం. పైకి ఎవరొస్తారా, ఎట్లా వస్తారా అని చూపులు అటే. ఆకాశం రోజుల తరబడి బూడిద రంగులో కిందికి దిగి ఉండేది. బ్లోయరు హోరు మాత్రం ఆగేది కాదు.

"వాన లేని రోజు ఏం ల్యా మామా. ముసురు పట్టిందంటే తల పగిలిపోతా ఉండాది" అన్నాడు బావ ఒక సాయంత్రం, అన్నం ముందర కూర్చుని, తినకుండా.

చిన్నాయన ముఖం చిన్నబోయింది. "నా బ్లోయరు అంత గాలి పోస్తా ఉంటే ఊపిరాడకపోవడమేందిరా? గాలి చాలడం ల్యా, అంతే. రేపు ఇంకొంచెం జోరు పెంచుతా" అన్నాడు. అక్క బావ కంచంలో మిగిలిన అన్నం తీసి పక్కన పెట్టింది.

మరునాడు జోరు పెంచాడు. బావతో కలిసి ముగ్గురు దిగారు. ఈశాన్యం నుంచి సన్నటి జల్లు. భోజనాల వేళకు ఎవరూ పైకి రాలేదు. పైనున్నవాళ్లు తాడు లాగి గంట కొడితే లోపలివాళ్లు తిరిగి తాడు లాగి బదులు చెప్పడం అక్కడి పద్ధతి. తాడు లాగారు. బదులు రాలేదు. మళ్లీ లాగారు. ఆ తాడు ఎంత ఊరికే వేలాడిందో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అక్క చేతిలో పలక కింద పడి పొరలుగా విడిపోయింది. ఆమె పరుగెత్తింది, వెనకే మేమందరం.

చిన్నాయన అప్పటికే గొట్టం చినిగిందేమోనని తడిమి చూసి, కొట్టంలోకి దూరి, బ్లోయరు గాలి పీల్చే నోటి దగ్గర ముఖం పెట్టాడు. వెంటనే వెనక్కి తూలాడు. తూర్పున బయటికి వెళ్లాల్సిన ఇంజను పొగను ఎదురుగాలి మళ్లీ లోపలికే నెడుతోంది. పోవడానికి దారి లేకుండా తడికలు అడ్డం. కొట్టంలో చేరిన ఆ పొగనంతా బ్లోయరు పీల్చి, గొట్టం నిండా బావిలోకి పంపుతోంది. "అయ్యో, నేనే పోస్తా ఉండా" అన్నాడు చిన్నాయన. గట్టిగా కూడా అనలేదు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

ఇంజను ఆపేశాడు. ఆ హోరు ఆగిపోతే పుట్టిన నిశ్శబ్దం కంటే భయంకరమైనదాన్ని నేను ఎరగను. మేనేజరుగారు, "గాలి ఆపితే చచ్చిపోతారయ్యా!" అని అరిచారు. "పోస్తే ఇంకా ముందే పోతారు సార్" అన్నాడు చిన్నాయన. అంత కంగారులోనూ హ్యాండిలు ఊడదీసి మొలలో దోపుకున్నాడు. తర్వాత జాలీని పీకి పారేసి, బెల్టును ఇంజను చక్రం మీదనుంచి తప్పించి, మా వైపు తిరిగాడు. "రండమ్మా! తడికలు కోసెయ్యండి. పైటలు బిగించి ఈ బెల్టు పట్టి లాగండి. ఆపొద్దు."

కొడవళ్లు మా చేతుల్లోనే ఉన్నాయి. తడికల కట్లు తెగ్గోశాం. జల్లూ గాలీ కలిసి కొట్టంలోకి విసురుగా వచ్చాయి. రెండు వరసలుగా నిలబడి ఆ బెల్టును బావి చేద లాగినట్టు లాగాం. నల్లటి జిడ్డు బెల్టు అరచేతుల్ని కోసింది. లాగేకొద్దీ రెక్కల చక్రం బరువుగా కదిలి, మూలిగి, తిరిగింది. అక్క మా అందరికంటే ముందు నిలబడింది. ఏడవలేదు, అరవలేదు, లాగింది. చదునుగా పడిపోయిన గుడ్డ గొట్టం కొంచెం కొంచెంగా ఉబ్బింది. చాలాసేపటికి గాని చిన్నాయన ఎవరినీ దిగనివ్వలేదు. ముందు తానే దిగాడు, నడుముకు తాడు కట్టుకుని, తాడు కొసను మేనేజరుగారి చేతిలో పెట్టి.

ముగ్గురినీ పైకి తెచ్చారు. ఇద్దరు వానలో పడుకుని వాంతులు చేసుకుని, చీకటిపడే వేళకు పేర్లు చెప్పారు. బావ కళ్లు తెరవడానికి రోజులు పట్టింది. గూడూరు ఆసుపత్రిలో అక్కను చూసి, "అమ్మా, పడవ కట్టేసినారా?" అని అడిగాడు.

ఆయన బతికాడు. ఒళ్లు బాగుపడింది. గనికి వచ్చిన సంగతీ, బావీ, ఆ తర్వాతి రోజులూ ఆయన తలలో నిలవలేదు. ఈరోజు చెప్పింది రేపటికి ఉండేది కాదు. అక్క ఆయనను తీసుకుని మళ్లీ సముద్రం ఒడ్డుకు వెళ్లిపోయింది. బావ చేతులు మాత్రం వల కట్టడం మరిచిపోలేదు. గుడిసె ముందు కూర్చుని వలలో తెగిన కన్నుకు కన్ను వేసుకుంటూ పోయేవాడు. చిన్నాయన ఆ బ్లోయరును పూర్తిగా విప్పి, పీల్చే నోటిని రేకు గొట్టంతో దూరంగా మిట్ట మీదికి తీసుకుపోయి, ఇంజను పొగగొట్టాన్ని కొట్టం కప్పు దాటించి పైకి లేపాడు. గాలి మారే కాలం వచ్చిందంటే పొద్దున్నే వెళ్లి అక్కడ నిలబడి ఊపిరి పీల్చి చూసేవాడు. తప్పు తనదేనని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు. దాన్ని ఇంకొకరి మీదికి నెట్టడం నేను వినలేదు.

చిన్నాయన మా అక్క వాళ్ల ఊరికి వెళ్లినప్పుడల్లా బావ వల పక్కన పెట్టి లేచి, ముఖమంతా నవ్వుతో, "ఎన్నాళ్లకొచ్చినావు మామా! మద్రాసులో పని బాగుండాదా?" అని అడిగేవాడు. "బాగుండాదిరా" అనేవాడు చిన్నాయన, ప్రతిసారీ. ఒకసారి మాత్రం ఇసుకలో కూర్చుండిపోయి, "నీకు ఒక మాట చెప్పాలిరా" అని మొదలుపెట్టి, చివరిదాకా చెప్పాడు. బావ శ్రద్ధగా విన్నాడు. "పాపం, ఎవరా మనిషి?" అని అడిగాడు. అక్క లోపలికి వెళ్లిపోయింది. చిన్నాయన తల ఎత్తలేదు.

ఇప్పుడు అక్కా, బావా, చిన్నాయనా ముగ్గురూ లేరు. ఆ ఏళ్లన్నీ మేం ముసలివాళ్లమవుతూ మోశాం. బావ ఒక్కడూ వాటిని దించేసి, తుపాను ఇంకా రాని పాత పల్లెలో ఉండిపోయాడు. కాలం ఆయనకు చేసింది అన్యాయమో ఉపకారమో, ఇంత వయసు వచ్చినా నాకు తెలియలేదు.