దూడముక్కు పురుగు

మొన్న వాన వెలిసిన పొద్దున పెరట్లో బకెట్ వంచబోతే నీళ్ళలో ఒక కుమ్మరి పురుగు ఈదుతూ కనబడింది. పారల్లాంటి ముందుకాళ్ళతో బకెట్ గోడను తవ్వుకుని పోవాలని దాని ఆరాటం. ప్లాస్టిక్‌ను తవ్వడం బ్రహ్మతరం కూడా కాదని దానికి ఎవరు చెప్పాలి. "దానాబుర్ను" అన్నాను పైకే. వాకిలి ఊడుస్తున్న మా ఆవిడ చీపురు ఆపి, "మళ్ల మొదలువెట్టినవా నీ దుబాయ్ ముచ్చట్లు" అంది. అది దుబాయ్ మాట కాదే, తుర్కీ మాట అని చెప్పబోయి ఊరుకున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఎక్కడ ఊరుకోవాలో ఆ మాత్రం నేర్చుకున్నాను. ఎక్కడ ఊరుకోకూడదో మాత్రం నేర్చుకోలేకపోయాను. ఈ పురుగు పేరు చెప్పాల్సిన రోజున నేను చెప్పకపోవడం వల్ల ఒక మంచి మనిషి కొలువు పోయింది.

అది రెండు వేల ఆరో సంవత్సరం. అబుదాబి బయట మఫ్రఖ్‌లో మా క్యాంపు. పెద్దవాళ్ళ విల్లాల చుట్టూ తోటలు వేసే కంపెనీ మాది. చెట్లకూ గడ్డికీ పురుగుమందు కొట్టే పని నాది. మా అందరి మీద ఒక తుర్కీ మేస్త్రీ ఉండేవాడు. మేస్త్రీని వాళ్ళ భాషలో ఉస్తా అంటారు కాబట్టి మేమూ ఉస్తా అనే పిలిచేవాళ్ళం. యాభై దాటిన మనిషి, నెరిసిన మీసం, కూర్చుంటే లేవనివ్వని మోకాళ్ళు. ఆయనకు వచ్చిన హిందీ నలభై మాటలు, మాకు వచ్చిన తుర్కీ సున్నా, మధ్యలో అరబ్బీ ముక్కలు కలుపుకుని సంసారం నడిపేవాళ్ళం. ఆయనకొక పద్ధతి ఉండేది. పొద్దున్నే పని మొదలు కాకముందు మా అందరినీ మొక్కల వరుసల వెంట నడిపించేవాడు. ఆకు తిప్పి, కింద ఉన్న పురుగును చూపించి "బు నే?" అనేవాడు. ఇదేంటి అని. పేరు చెప్తేనే మందు డబ్బా చేతికిచ్చేవాడు. పేరు తెలియనిదాన్ని చంపే హక్కు నీకు లేదని ఆయన సిద్ధాంతం. ఎవరి వరుసలో ఏ పురుగు కనబడిందో ఒక నీలం అట్ట నోటుబుక్కులో రాసుకునేవాడు. చూసింది చూసినట్టు చెప్పాలి, ఆయన పెట్టిన చట్టం అదొక్కటే.

అట్లా వచ్చాయి నాకు ఆ పేర్లు. తుర్కీలో కందిరీగ గాడిద తేనెటీగ. బొద్దింక స్నానాలగది పురుగు. గొల్లభామ ప్రవక్తగారి ఒంటె, దాని జోలికి పోతే ఉస్తా ఊరుకునేవాడు కాదు. తూనీగ పేరు యూసుఫ్‌చుక్, అంటే చిన్న యూసుఫ్. మా లారీ డ్రైవర్ నెల్లూరు భాయ్‌కి ఊళ్ళో అదే పేరుగల తమ్ముడున్నాడు. పైపు దగ్గర తూనీగ వాలిందంటే పని మానేసి "మావోడొచ్చినాడు" అని దాన్నే చూస్తూ నిలబడేవాడు. ఎర్రరెక్కల మీద నల్లచుక్కలుండే పురుగును మేము అక్షింతల పురుగు అంటాం. దాన్ని వాళ్ళు పెళ్ళికూతురు పురుగు అంటారని తెలిసిన రోజు నాకు భలే సంతోషమేసింది. ఎక్కడి తుర్కీ, ఎక్కడి జగిత్యాల, ఇద్దరం కలిసి ఒక పురుగుకు పెళ్ళి చేశాం. ఇక మన కుమ్మరి పురుగు వాళ్ళకు దానాబుర్ను, దూడముక్కు. ఉస్తా నేల మీద పుల్లతో దాని మొహం గీసి చూపించాడు. నిజంగానే లేగదూడ మూతి. గీసినదాన్ని వెంటనే చెప్పుతో చెరిపేసి, "ఇది ఒకటి కనబడితే వంద ఉన్నట్టు. గడ్డి ఖలాస్. నాకు చెప్పు, వెంటనే చెప్పు" అన్నాడు.

ఆ మార్చిలో ఒక గురువారం మధ్యాహ్నం ఒక విల్లాకు పచ్చిక చుట్టలు వచ్చాయి. మట్టితో సహా చాపల్లా చుట్టిన గడ్డి, లారీ నిండా. మర్నాడు శుక్రవారం, సెలవు. ఉస్తా ఇంకో సైటుకు వెళ్తూ దింపుడు నాకు అప్పజెప్పాడు. మూడో చుట్ట విప్పుతుంటే మట్టిలోంచి ఒక కుమ్మరి పురుగు జారి నా అరచేతిలో పడింది. ఎన్నేళ్ళయిందో దాన్ని చూసి. చిన్నప్పుడు పిడికిట్లో మూసి పట్టుకుంటే వేళ్ళ సందు తవ్వుకుని బయటికొచ్చేది, ఎవరి పిడికిలి ముందు తెరుచుకుంటే వాళ్ళు ఓడినట్టు. పిడికిలి మూశాను. చక్కిలిగింతలు. ఎడారిలో నిలబడి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. తర్వాత దాన్ని గడ్డిలోకి వదిలేశాను. ఇంకో చుట్టలో మరో రెండు కనబడ్డాయి. వాటినీ చూడనట్టే పరిచేశాను. సాయంత్రం ఉస్తా తిరిగొచ్చి, నోటుబుక్కు తీసి నా వరుస దగ్గర "బు నే?" అని అడిగితే "ఏం లేదు" అన్నాను.

మూడు వారాలకు పచ్చిక మీద గోధుమరంగు మచ్చలు లేచాయి. ముందు రొట్టె అంత, తర్వాత చాప అంత. పట్టి లాగితే వేళ్ళు లేని గడ్డి తివాచీలా లేచి వచ్చేది. ఇంకో పది రోజుల్లో ఆ పచ్చిక మీదే యజమాని కూతురి పెళ్ళి విందు. మా మేనేజర్ని, అంటే ముదీర్ని, యజమాని పిలిచి ఏం తిట్టాడో తెలియదు గానీ, ఆయన తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. మందు చిక్కగా కలిపి గడ్డిని కాల్చేశానట. "రేపు పాస్‌పోర్ట్, టికెట్. యల్లా, ఖలాస్" అన్నాడు. మూడేళ్ళుగా మందు డబ్బా మూతతో కొలిచే కొలత ఒక్కసారీ తప్పలేదు నేను. పక్కనే ఉన్న ఉస్తా వైపు తిరిగి గబగబా అనేశాను: "ఉస్తా, దవా నహీ. దానాబుర్ను హై." మందు కాదు, దూడముక్కు అని.

అంతవరకు అక్కడెవరూ నేల తవ్వలేదు. ఎవరూ పురుగును చూడలేదు. ఉస్తా నన్ను తేరిపార చూశాడు. నీకెట్లా తెలుసని అడగలేదు. ముదీర్‌తో రేపు పొద్దున దాకా ఆగమని మాత్రం చెప్పాడు.

ఆ సాయంత్రం క్యాంపు మెట్ల మీద నెల్లూరు భాయ్ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. "ఆ గురువారం నేను లారీ మీద్నించి చూస్తానే ఉండాను. చేతిలో ఏందో పట్టుకోని నీలో నువ్వే నవ్వుకుంటా ఉంటివే. అది ఇదేనా అబ్బయ్యా?" అన్నాడు మెల్లగా.

"ఎవ్వలికి చెప్పకు భాయ్" అన్నాను.

"నేను చెప్పను. ఆయన అడిగితే నువ్వేం చెప్తావో అది చూసుకో."

తెల్లారి ఎనిమిదింటికి ఉస్తా రెండు బకెట్ల నిండా సబ్బునీళ్ళు కలిపాడు. పచ్చిక మీద గజం చదరం కొలిచి నాలుగు మేకులు దిగ్గొట్టి దారం కట్టాడు. అందులో బకెట్లు రెండూ నెమ్మదిగా వంచి, నొప్పిపెట్టే మోకాళ్ళ మీదే కూర్చున్నాడు. భూమిలో దానాబుర్ను ఉంటే సబ్బుకు ఓర్చుకోలేక పైకి రావాలి. ముదీర్ గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. ఒక నిమిషం. నురగ మట్టిలోకి ఇంకిపోయింది. అవి రాకపోతే నేను ఇంటికి. వస్తే, అవి ఎట్లా వచ్చాయన్న ప్రశ్న కూడా వెంటే వస్తుంది. రావాలని మొక్కుకున్నాను, మొక్కుకుంటూనే భయపడ్డాను. రెండు నిమిషాలు. ముదీర్ "హూఁ" అన్నాడు. అప్పుడు గడ్డి కదిలింది. ముందు ఒక దూడమూతి, దాని వెనక పారల్లాంటి కాళ్ళు. తర్వాత ఇంకొకటి. దారం లోపల ఆ గజం నేలలో పదకొండు లెక్కపెట్టాను.

ముదీర్ నా వైపు చూడటం మానేశాడు. "ఈ గడ్డి దింపుకున్నది ఎవరు?" అన్నాడు.

ఉస్తా జేబులోంచి నీలం నోటుబుక్కు తీశాడు. ఆ గురువారం పేజీ తిప్పాడు. నా వరుస ఎదురుగా గీసిన అడ్డగీత నాకు నిలబడ్డ చోటునుంచే కనబడింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నెల్లూరు భాయ్ లారీ దగ్గర నుంచి నన్నే చూస్తున్నాడు. నోరు తెరిస్తే రెండు మాటలు, నేనే చూశాను అని. ఆ రెండు మాటలు నాకు తెలుగులో వచ్చు, హిందీలో వచ్చు, అవసరమైతే అరబ్బీలోనూ వచ్చు. ఉస్తా నాకోసం ఆగాడు. ఎంతసేపో చెప్పలేను, పురుగుల కోసం ఆగినదానికంటే ఎక్కువసేపనే ఇప్పటికీ అనిపిస్తుంది. తర్వాత బుక్కు మూశాడు. "అనా మస్వూల్" అన్నాడు ముదీర్‌తో. బాధ్యత నాది. దింపేటప్పుడు చూడాల్సింది నేను, చూడలేదు.

పెళ్ళి విందుకు కొత్త గడ్డి పరిచారు. ఉస్తాను నెలాఖరుకు పంపించేశారు. చివరి రోజు కూడా ఆయన పొద్దున్నే మమ్మల్ని వరుసల వెంట నడిపించాడు. నా దగ్గర ఒక మందార ఆకు తిప్పి, అక్షింతల పురుగును చూపించి "బు నే?" అన్నాడు. "గెలిన్ బోజెయి" అన్నాను, పెళ్ళికూతురు పురుగు. అందరికీ అన్నట్టే నాకూ శభాష్ అని, మందు డబ్బా నా చేతికిచ్చాడు. అంతే. ఒక్క మాట అడిగి ఉంటే, ఒక్క తిట్టు తిట్టి ఉంటే, నేను ఇంత బరువు మోసుకుంటూ ఊరికి వచ్చి ఉండేవాణ్ణి కాదు.

ఈ కథ ఎవరికి చెప్పినా, చిన్ననాటి పురుగు మీద ప్రేమకొద్దీ నోరు మెదపలేదనే చెప్పేవాణ్ణి. విన్నవాళ్ళు జాలిగా తల ఊపేవాళ్ళు. నిజం అందులో సగమే. ఆ పేరు పలికితే లారీ గడ్డంతా వెనక్కి ఎక్కించాలి, ఎక్కించేసరికి చీకటి పడుతుంది, మర్నాడు శుక్రవారం. దుబాయ్ అవతల రోలాలో మా బావమరిది బిర్యానీ వండుకుని నాకోసం ఎదురుచూస్తున్నాడు. చక్కిలిగింతలు ఎంత నిజమో బిర్యానీ కూడా అంతే నిజం. అసలు కారణం ఏదో నాకూ ఇప్పుడు తెలియదు.

బకెట్‌లో పురుగును ఆకు మీదకు ఎక్కించుకుని పెరటి మట్టిలో దింపాను. మా ఆవిడ చూస్తూ, "పేరేదో చెప్పినవ్ గదా, మళ్లొక్కపాలి చెప్పు" అంది. చెప్పాను. పేరు చెప్పడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ గురువారం కూడా అంతే పట్టేది.