కారణం చెప్పని పరీక్ష

అమెరికాలో చలి ఊరైన డులూత్‌లో పొద్దున్నే వాకిట్లో మంచు ఎత్తిపోసుకునేవాళ్లందరికీ వెర్నా కిటికీలో వెలిగే కంప్యూటర్ తెలుసు. స్కూలు బస్సు నడిపినన్నాళ్లూ డ్రైవర్ల యూనియన్‌కి ఆవిడే పెద్దదిక్కు. ఇప్పుడు ఆ పెట్టెతో కోట్ల అంకెల పొడవున్న సంఖ్యల్ని పరీక్ష చేయిస్తుంది, ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ శేషం లేకుండా తెగని ప్రధాన సంఖ్య దొరుకుతుందేమోనని. మధ్యమధ్య పెట్టె మీద చెయ్యి ఆనించి, పసిపిల్లకి జ్వరం చూసినట్టు వేడి చూస్తుంది. ఇంతవరకూ ఒక్కటీ నెగ్గలేదు. "పోనీలే, ఇలా వెతికేవాళ్లలో ఇంకొకళ్లు దీన్ని పరీక్షించక్కర్లేదు" అంటూ మరోటి ఎక్కిస్తుంది.

ఆ ఉదయం పక్కింటి డ్వేన్ వచ్చి కూర్చున్నాడు. గిడ్డంగిలో అతని పని ముందురోజే పోయింది. అప్పుడే తెర మీద ఫలితం పడింది: ప్రధాన సంఖ్య కాదు.

"అయితే దేంతో తెగుతుంది పెద్దమ్మా?"

"అది చెప్పదు. తెగుతుందని మాత్రం ఖాయంగా చెబుతుంది. ఈ పరీక్ష తీరే అంత."

"మా మేనేజరూ ఇంతే. రేపట్నించి రావద్దన్నాడు. ఎందుకో చెప్పలేదు."

వెర్నా కాఫీ కప్పు కింద పెట్టింది. "సంఖ్యకి పెళ్లాం పిల్లల్లేరు, చెప్పకపోయినా చెల్లుతుంది. నువ్వు అడగలేదా?"

"ఒక్కణ్ణి వెళ్తే గేటు దాటనిస్తారా?"

"ఒక్కడివెందుకవుతావు?"

కొత్త సంఖ్య ఎక్కించకుండానే ఆవిడ కోటు తొడుక్కుంది.