గణాచారి నెత్తిన బిందెడు నీళ్ళు

ఈ రోజు చీపురుపల్లి నుంచి మా వీధికి మశూచి టీకాలు వేసేవాళ్ళు వచ్చారు. మా చెల్లెలు పైడమ్మ చంటిదాన్ని ఎత్తుకుని బయటికి వచ్చేసరికి, అమ్మోరి గణాచారి సింహాద్రికి పూనకం వచ్చేసింది. "సూది గుచ్చితే పిల్ల దక్కదే!" అంటూ గుమ్మంలో ఊగిపోయాడు. పక్క ఊళ్ళో మశూచి తగిలి పిల్లలు పోతున్నారని తెలిసి కూడా చెల్లెలు వెనక్కి తిరిగింది.

నాకు వరసకి బావయ్యే ఈ పెద్దమనిషి రంగూన్‌లో చాలాకాలం ఉండి వచ్చాడు. ఓడ ఎక్కాలంటే టీకా తప్పదని నాకు తెలుసు. "అమ్మ ఒళ్ళు కాగిపోతన్నాది, సల్లబరుస్తాను" అని బిందెడు పసుపునీళ్ళు నెత్తిన కుమ్మరించి, తడి చొక్కా లాగేశాను. జబ్బ మీద రెండు టీకా మచ్చలు!

"ఇవేటి బావా?" అని అడిగాను.

పూనకం చప్పున దిగిపోయింది. "రంగూన్లో దొరలు ఏసేరు."

"మరి అమ్మోరు నిన్నేటీ సెయ్యలేదే?"

"అమ్మోరు సముద్రం దాటి రాదు కదా!"

చెల్లెలు ఇంకేమీ వినకుండా పిల్ల చెయ్యి టీకాలాయన ముందు పెట్టింది. ఆ తర్వాత నా మీద విరుచుకుపడింది. "ఆడు దొంగ గానీ అమ్మోరు కాదన్నయ్యా. పూనకాన్ని ఎక్కిరించినావు. రేపు గుడికెళ్ళి, తప్పయిపోనాదని కొబ్బరికాయ కొట్టు."

అమ్మోరు ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే, ఇలాంటివాడి ఒంట్లో దూరే ఖర్మ ఆవిడకెందుకు? కొబ్బరికాయ కొట్టడానికి నాకు పెద్ద అభ్యంతరం లేదు. కానీ ఆ చెక్కలు ఇంటికి పట్టుకుపోయేది సింహాద్రే! మీరైతే కొడతారా?