తిరుమలయ్య మామ, కావడి సత్రం మిద్దె

మా మేనమామ తిరుమలయ్యకు డెబ్బై నాలుగేళ్ళు. పొదటూరుపేటలో పుట్టిన తాపీమేస్త్రీ, అందులోనూ సున్నపు మిద్దెల మేస్త్రీ. ఆ పని ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు గనుక ఆయన కూడా ఎవరికీ అక్కర్లేదు. ఈ మాట నేను జాలితో చెప్పడం లేదు, కోపంతో చెబుతున్నాను. ఆ కోపంలో కొంత వాటా ఆయనకు, కొంత నాకు, మిగతాదంతా సత్రం కమిటీకి. వాటాలు పంచడంలో మా వంశంలో ఎప్పుడూ తగవు రాలేదు.

సున్నపు మిద్దె చూడని వాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. టేకు దూలాలు వరసగా వేసి, వాటి మీద సన్న ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి ఐమూలగా పేరుస్తారు. పైన ఇటుకముక్కలు కలిపిన సున్నం పోస్తారు. అప్పుడు ఆడవాళ్ళు వరసగా కూర్చుని, కరక్కాయా బెల్లమూ నానిన నీళ్ళు చల్లుతూ, కొయ్య పలకలతో రోజుల తరబడి కొడతారు. మేస్త్రీ చాలనేదాకా కొట్టాల్సిందే. అలాంటి మిద్దె వానకు తడుస్తుంది, ఎండకు ఆరుతుంది. తడి వచ్చిన దారినే పోతుంది. అందుకే అది మూడు తరాలు నిలబడుతుంది.

తిరుత్తణిలో కొండ మెట్లకు పోయే దారిలో కావడి సత్రం ఉండేది. ఆడికృత్తిక పండగకు కావడులు మోసుకుని నడిచివచ్చే మా సరిహద్దు పల్లెల జనం పడుకోవడానికి మా తెలుగు రైతులే కట్టించారు. కట్టినవాడు మామకు తాత. వసారాలో ఎనిమిది గుండ్రటి స్తంభాలు, వాటికి గుడ్డు తెల్లసొన కలిపిన సున్నపు పూత. చెయ్యి వేస్తే వేసవిలో కూడా చల్లగా తగిలేవి. కొండ మీది గోపురాన్ని వచ్చిన ప్రతివాడూ ఫోటో తీసుకుంటాడు. ఆ గోపురం చూడ్డానికి వచ్చి, రాత్రికి ఈ సత్రంలో ఒళ్ళు వాల్చి, పొద్దున లేచి దీని వంక చూడకుండా పోయినవాళ్ళు లక్షల్లో ఉంటారు.

పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో మామ తండ్రి ఆ మిద్దెను విప్పి మళ్ళీ వేశాడు. కొట్టేది పద్దెనిమిది మంది ఆడవాళ్ళు, వాళ్ళకు పాట అందించేది మామ భార్య ధనమ్మ అత్త. అప్పటికి ఆమె కాపురానికి వచ్చి మూడు నెలలు. పాట ఆగితే దెబ్బ తప్పుతుంది, దెబ్బ తప్పితే అక్కడ సున్నం వదులవుతుంది. ఆ ఏడాది సున్నం ఎక్కడా వదులు కాలేదని ఆమె ఇప్పటికీ చెబుతుంది. ఒకసారి కాదు, వెళ్ళినప్పుడల్లా చెబుతుంది.

తర్వాత కాంక్రీటు వచ్చి పడింది. పనిలేక మామ ఒక కంట్రాక్టరు వెంట విశాఖపట్నం పోయి పదకొండేళ్ళు ఉన్నాడు. ఆ ఊరి గురించి చెప్పేటప్పుడు ఆయన ముఖం వేరుగా ఉంటుంది. “కొండలన్నీ సముద్రాన్ని తొంగి సూస్తా ఉంటాయిరా. రేవు కాడ మూడు కొండలు పక్కపక్కనే. ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. మనకి ఉండేది ఒక కొండ, దానికే ఇంత గొప్పలు” అని నవ్వేవాడు. అక్కడ పాతపట్నంలో కొండవాలు మీద దొరల కాలం నాటి ఇళ్ళు, అన్నీ సున్నపు మిద్దెలే. ఇంటివాళ్ళు కారుతోందని పైన సిమెంటు పోయించుకునేవారు. కొన్నేళ్ళకు ఆ సిమెంటు పగలగొట్టించే పని మామకు వచ్చేది. సిమెంటు కింద తడికి బయటికి దారి ఉండదు. పైన చూస్తే అద్దంలా నున్నగా ఉంటుంది, లోపల దూలాలు పుచ్చిపోయి ఉంటాయి. సున్నం మీద సిమెంటు పోయడమంటే తడిగుడ్డతో గొంతు కోయడమే అని ఆయన అక్కడ నేర్చుకున్నాడు. ఒకటి కాదు, ఇరవై ఇళ్ళలో నేర్చుకున్నాడు.

నేర్చుకుని తిరిగివచ్చి ఏం చేశాడో వినండి.

తొంభై ఆరులో కావడి సత్రం ఒక మూల కారింది. చిన్న చీలిక. పది అడుగుల మేర విప్పి, సున్నం పోసి, కొడితే సరిపోయేది. కానీ ఆడికృత్తిక ఇరవై రోజుల్లో ఉంది. జయరామ్ అప్పుడే తండ్రి స్థానంలో కమిటీ పెద్దయ్యాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, రోజూ సత్రానికి వచ్చి పెత్తనం చేసేవాడు.

“సిమెంటు పోసేస్తే నాలుగు దినాల్లో అయిపోతాది గదా మామా! నీకు రాదంటే సెప్పు, తిరువళ్ళూరు నుంచి ఆళ్ళను పిలిపిస్తా” అన్నాడు.

‘నీకు రాదంటే’ అన్న మాట మామకు ముల్లులా గుచ్చుకుంది. అప్పటికే ఊళ్ళో కుర్రమేస్త్రీలు ఆయన్ను ‘సుణ్ణాంబు తాత’ అని పిలుస్తున్నారు. సుణ్ణాంబు అంటే తమిళంలో సున్నం. తాత అనడానికి ఆయనకు అప్పటికి నలభై ఆరే. ధనమ్మ అత్త మొత్తుకుంది. “వద్దయ్యా. నేను ఆడోళ్ళను పిలుస్తా, రాత్రీ పగలూ కొడతాము. వైజాగులో ఏమి సూసొచ్చినావో నువ్వే గదా సెప్పింది?” అంది. ఆయన వినలేదు. మిద్దె మొత్తానికీ రెండంగుళాల సిమెంటు పోశాడు. పండగనాడు జయరామ్ అందరి ముందూ శాలువా కప్పాడు. ఆ శాలువా ఏమైందో నాకు తెలియదు. ఆ మిద్దె ఎక్కడం మాత్రం మామ ఆ రోజుతో మానేశాడు.

ఎవరితోనూ అనలేదు కూడా. మా మేస్త్రీల ఇళ్ళలో ఒక పట్టింపు ఉంది. తాను వేసిన కప్పు కింద నిలబడి దాని దోషం నోటితో అనకూడదు. అంటే కప్పు వింటుందట, విని దిగిపోతుందట. పట్టింపు కప్పు కిందికే గానీ వీధిలోకి వచ్చి చెప్పొద్దని ఎవరూ అనలేదు. మామ దాన్ని వీధికి కూడా సాగదీసుకున్నాడు. ఇరవై ఏడేళ్ళు మింగలేక కక్కలేక తిరిగాడు.

మొన్న ఇరవై మూడులో సత్రం లోపల పెచ్చు ఊడిపడింది. కింద ఎవరూ లేరు గనుక సరిపోయింది. కమిటీ మద్రాసు నుంచి మురళీధరన్ అనే ఇంజనీరును పిలిపించింది. నేను తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లో ఉంటాను, మద్రాసులో ఉద్యోగం. ఆదివారం మీటింగని మామ ఫోన్ చేస్తే రైలెక్కి తిరుత్తణి పోయాను. స్టేషన్ నుంచి నడుస్తూ ఆయన అంతా చెప్పాడు. మొదటిసారి. నడిరోడ్డు మీద, ఎండలో, నా ముఖం చూడకుండా చెప్పాడు.

“మామా, ఈ మాట లోపల ఆళ్ళ ముందర సెప్పు. నిజం సెప్తే సత్రం నిలబడతాది” అన్నాను. నేను చదువుకున్నవాణ్ణి. నిజం చెబితే మేలు జరుగుతుందని పుస్తకాల్లో చదివినవాణ్ణి.

మీటింగు సత్రం హాల్లోనే పెట్టారు. మురళీధరన్ మర్యాదస్తుడు, నెమ్మదిగా మాట్లాడాడు. సున్నపు కప్పులకు కాలం తీరిందనీ, కూల్చి మూడంతస్తులు కట్టడమే మేలనీ అన్నాడు. అయితే ఒక మాట కూడా అన్నాడు. తడి ఎందుకు నిలిచిందో తేలి, మిగతా కప్పు గట్టిదని తెలిస్తే బాగుచేయించవచ్చు, లేదంటే కూల్చమని రాయాల్సిందే అన్నాడు. అందరూ మామ వైపు తిరిగారు. తాత కట్టిన సత్రం ఉండాలా పోవాలా అన్నది ఆయన నోట్లో ఉంది.

మామ పైకి చూశాడు. లేచి, కండువా దులుపుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా బయటికి వెళ్ళిపోయాడు.

“సూసినారా సార్? పెద్ద మేస్త్రీకే తెలీదంట” అన్నాడు జయరామ్. కొందరు నవ్వారు.

నేను పరుగెత్తుకుని పోయాను. మామ రోడ్డవతల టీ అంగడి ముందు నిలబడి ఉన్నాడు. “ఆ కప్పు కింద నా నోటితో అననురా. ఈడ సెప్తా, రాసుకో” అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జేబులోంచి కాగితం తీశాను.

“తొంభై ఆరులో నేనే సిమెంటు పోసినా. తప్పని తెలిసే పోసినా. తడి లోపల నిలిచి దూలాలు పుచ్చినాయి. తప్పు సిమెంటుది, నాది. సున్నానిది కాదు. పైన సిమెంటు తీసేసి, పుచ్చిన నాలుగైదు దూలాలు మారిస్తే మిద్దె ఇంకా నూరేండ్లు ఉంటాది. ధనమ్మ వద్దనింది, అదీ రాయి.”

కమిటీలో చిన్నవాళ్ళకు తెలుగు చదవడం రాదు, ఇంజనీరుకూ రాదు. అందుకని తమిళంలో రాశాను. అత్త మాట అనవసరమని వదిలేశాను. కింద మామ తెలుగులో సంతకం పెట్టాడు. ఆయన ముఖం తేలికపడింది. టీ కూడా ఆయనే ఇప్పించాడు. లోపలికి పోయి కాగితం ఇచ్చాను. మురళీధరన్ రెండుసార్లు చదివి, “చాలా మంచి పని చేశారు” అని నాకు చెయ్యి కలిపాడు. ఆ సాయంత్రం రైల్లో నేను ఏదో ఘనకార్యం చేసినవాడిలా కిటికీ పక్కన కూర్చున్నాను.

నెల తిరగకముందే సత్రం గేటుకు నోటీసు అంటించారు. కప్పు వేసిన మేస్త్రీయే తన పని తప్పనీ, దూలాలు పుచ్చాయనీ రాతపూర్వకంగా ఒప్పుకున్నందున, జనం క్షేమం దృష్ట్యా సత్రాన్ని కూల్చాలని నిర్ణయించామని అందులో ఉంది. నా తమిళంలోంచి మొదటి మూడు వాక్యాలు తీసుకున్నారు. సున్నం మాటా లేదు, నూరేళ్ళ మాటా లేదు.

జయరామ్ ఇంటికి పోయి అడిగాను. ఆయన కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి మరీ మాట్లాడాడు. “ఏమప్పా మునికిష్ణా, నువ్వే గదా రాసింది? మామ సంతకం ఉండాదా లేదా? మేము దాంట్లో ఒక్క అబద్ధమన్నా ఏసినామా?” అన్నాడు.

“సగమే ఏసినారు గదన్నా!”

“మిగతాదంతా ఇంజనీరు సూసుకున్నాడులే. ఆ మిద్దె కొట్టేదానికి ఈ దినం ఆడోళ్ళు యాడుండారు? సుమ్మా ఊరికే పంతానికి పోవద్దు. కొత్త బిల్డింగులో మీ మామ పేరు ఒక రూముకు పెడదాము.”

ఇంజనీరుకు ఫోన్ చేశాను. పాత మనుషులకు పాత పనుల మీద మమకారం ఉంటుందనీ, దాన్ని నమ్మి రిపోర్టు రాయలేననీ చెప్పాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు. వాళ్ళ మీద ఎంత ఉందో నా మీదా అంత ఉంది. నిలబడి ఒక ముసలాయన చేత ఒప్పుకోలు రాయించి, దాన్ని తెలివైనవాడి చేతిలో పెట్టి, బాగా చేశాననుకున్నది నేనే.

నోటీసు మామకు నేనే చదివి వినిపించాను. ధనమ్మ అత్త అడిగింది.

“నేను వద్దన్యానని రాసినావా దాంట్లో?”

“లేదత్తా.”

“ఏంటికి రాస్తావులే! ఇన్నేండ్లూ నోరు మూసుకోని దాన్ని సంపినాడు మీ మామ. నోరు తెరిస్తే మీరంతా కలిసి పూడ్సినారు” అని లోపలికి పోయింది. నేను ఆ గడప దగ్గర చాలాసేపు కూర్చున్నాను. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు.

కూల్చేటప్పుడు ఆఫీసుకు రెండు రోజులు సెలవు పెట్టి పోయాను. మామ, అత్త టీ అంగడి ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. మిషన్ వచ్చింది. మొదట పైన సిమెంటు మీద పడింది. పెనం మీంచి దోసె లేచినట్టు అది పొరలు పొరలుగా లేచి వచ్చేసింది. గంట పని. దాని కింద మిద్దె బయటపడింది. తెల్లగా, మూలనున్న ఆ పాత చీలిక తప్ప ఇంకెక్కడా గీత కూడా లేకుండా ఉంది. మిషన్ ముక్కు దాని మీద పడి జారుతోంది. మధ్యాహ్నానికి ఒక మూల మాత్రమే పగిలింది. రెండో రోజు పెద్ద మిషన్ తెప్పించారు. దూలాలు ఒక్కొక్కటీ తెచ్చి రోడ్డు పక్కన పడేస్తుంటే మామ వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. ముప్పై రెండు దూలాల్లో పుచ్చినవి నాలుగు. జయరామ్ వాటి పక్కనే నిలబడి ఫోన్‌లో కొత్త బిల్డింగు బొమ్మ ఎవరికో చూపిస్తున్నాడు.

రెండో రోజు సాయంత్రం మిషన్ డ్రైవరు దిగివచ్చి టీ అడిగాడు. పళ్ళిపట్టు వైపు మనిషి, మా తెలుగే. ముఖం నిండా సున్నపు దుమ్ము. మామ పక్కన బెంచీ మీద కూలబడి, సగం మిగిలిన గోడల వైపు చూశాడు.

“పద్నాలుగేండ్లుగా ఇదే పని సేస్తా ఉండా తాతా. ఇట్లాంటి మిద్దె నేను సూడలేదు. నా బండి పండ్లు అరిగిపోయినాయి. యెవురు ఏసినారు దీన్ని? నీకేమన్నా తెలుసునా?” అని అడిగాడు.

మామ రోడ్డు పక్కన పడేసిన దూలాల వంక చూశాడు.

“తెలీదు నాయనా” అన్నాడు.

ఆయనకు ఒక పక్కన అత్త ఉంది, ఇంకో పక్కన నేనున్నాను. ఇద్దరం ఆ మాట విన్నాం.