తార్నాకలో తెల్ల కండువా

యూనివర్సిటీలో పరిశోధన చేసిన రోజుల్లో నాకు హాస్టల్ దొరకలేదు. తార్నాకలో ఒక ఇంటి పై గదిలో అద్దెకున్నాను. కింద రోడ్డువైపు మడిగెలో టిబెట్ అక్క దుకాణం ఉండేది. ఆమె కర్ణాటకలో, టిబెట్ శరణార్థుల శిబిరంలో పుట్టింది. టిబెట్‌ను ఆమె కూడా నాలాగే ఫోటోల్లోనే చూసింది. 'మీ దేశానికి ఎప్పుడు పోతావు?' అని ఎవరైనా అడిగితే ఆమె నవ్వి ఊరుకునేది, ఒళ్లు మండేది మాత్రం నాకు.

మొదట్లో ఆమె కూడా మిగతా టిబెట్ వాళ్లలాగే చలికాలంలో వచ్చి, ఫుట్‌పాత్ మీద స్వెట్టర్లు అమ్మి, ఎండలు మొదలవగానే వెళ్లిపోయేది. ఏటేటా మూటలు సర్దుకోవడంతో విసుగెత్తి మడిగె తీసుకుంది. జనం పడేసే పాత స్వెట్టర్లు సేకరించి, అల్లిక విప్పి, ఆవిరి పట్టి, ఊలు ఉండలు చుట్టేది. వాటితో టోపీలు, సాక్సులు, పసిపిల్లల అంగీలు అల్లేది. హైదరాబాద్ ఎండల్లో ఊలు ఎవరు కొంటారని నేను ఆటపట్టిస్తే, "ఆఫీసులల్ల ఏసీలు లేవా చెల్లె?" అనేది. నిజంగానే ఏసీ కింద వణికేవాళ్లంతా ఆమె గిరాకీ అయ్యారు. నల్లకుంట నుంచి, రామంతాపూర్ నుంచి పాత స్వెట్టర్లు మోసుకొచ్చి ఇచ్చేవాళ్లు. మడిగె నిలబడితే శిబిరంలో ఉన్న సొంత చెల్లెల్ని పిలిపించుకుని ఇద్దరూ ఇక్కడే స్థిరపడాలని ఆమె ఆశ.

అంతలో ఇంటి ఓనరమ్మ కూతురికి నిశ్చితార్థం కుదిరింది. అక్కనూ పిలిచారు. ఆ పొద్దున నేను సెమినార్‌కని మెట్లు దిగుతుంటే ఆపింది.

"చెల్లె, పిల్లకు ఏం పెట్టాలె? మా దిక్కు మెడల కండువా ఏస్తం. గదే తేవాల్నా?"

నాకు ఆలస్యమవుతోంది. "గదే తే అక్కా, ఏం గాదు" అనేసి పరుగెత్తాను. ఏ రంగని అడగలేదు.

సాయంత్రం ఫంక్షన్‌హాల్‌కి నేను చేరేసరికి అక్క వాళ్ల సంప్రదాయం ప్రకారం చారల ఏప్రన్ కట్టుకుని వరుసలో నిలబడి ఉంది. తన వంతు రాగానే రెండు అరచేతుల మీద తెల్లటి పట్టు కండువా పరిచి, తల వంచి, పిల్ల మెడలో వేసింది. మా వైపు తెల్లగుడ్డ పోయినవాళ్ల మీద కప్పుతారు. ఓనరమ్మ ఒక్క ఉదుటున వచ్చి దాన్ని లాగి పారేసింది.

"ఎవరు చెప్పిన్రు నీకు గిది తెమ్మని?"

అక్క నా వైపు చూడలేదు. "ఎవరు చెప్పలే అమ్మా. నాకే తెల్వలే" అంది.

నేను ఒక్క అడుగు ముందుకేస్తే సరిపోయేది. వేయలేదు. థీసిస్ సగంలో ఉంది, గది పోతుందని భయపడ్డాను. ఆ భయాన్ని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నెల తిరగకముందే మడిగె ఖాళీ చేయించారు. ఊలు సంచులు ఆటోలోకి ఎక్కించడానికి సాయం పట్టాను, అదేదో ఘనకార్యమైనట్టు. అక్క తన చెల్లెలితో ఫోన్‌లో మాట్లాడుతుంటే ఆ భాష నాకు ఒక్క ముక్క రాకపోయినా, రావద్దని చెబుతోందని అర్థమైంది.

తర్వాత ఆమె సీతాఫల్‌మండి స్టేషన్ దగ్గర ఒక అరుగు మీద మళ్లీ మొదలుపెట్టింది. నేను వెళ్లి పక్కన కూర్చుని ఊలు చుట్టేదాన్ని. ఆ సంగతి ఎత్తడానికి మాత్రం నోరు రాలేదు.

నా వైవా అయిన రోజు అక్క డిపార్ట్‌మెంట్ మెట్ల దగ్గరికి వచ్చింది. ఊరి నుంచి అమ్మ కూడా వచ్చి నా పక్కనే ఉంది. అక్క సంచిలోంచి ఎర్ర శాలువా తీసింది. కొత్తది, దుకాణం కవర్లోనే ఉంది.

"నీ కండువా ఏది అక్కా?"

"వద్దు చెల్లె. మీ దిక్కు మంచిది గాదు కదా."

నాకు ఏడుపొచ్చింది. "ఆ రోజు తెమ్మన్నది నేనే అక్కా. అందరి ముందు నోరు మూసుకున్నది గూడ నేనే."

అక్క శాలువా మడత సరిచేస్తూ, "నువ్వు చెప్తే నీ రూమ్ గూడ పోతుండె. ఒక్కల్ది పోతే సాలదా?" అంది.

నేను చెప్పులు విడిచి, ఆమె ముందు తల వంచి నిలబడ్డాను. అక్క ఒకసారి అమ్మ వైపు చూసి, సంచి అడుగు నుంచి తెల్ల కండువా తీసింది. చూడగానే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఎవరు తెమ్మన్నరే గిది?" అంది.

"నేనే తెమ్మన్న అమ్మా" అన్నాను.