వానకట్టు సుడి

జమాల్ సాబ్ ఎవరి మొహమూ చూసి మాట్లాడేవాడు కాదు. సుడి చూసి మాట్లాడేవాడు. ఎద్దులకు లాడాలు కొట్టడం ఆయన వృత్తి. వాటి ఒంటిమీద వెంట్రుకలు తిరిగిన చోటల్లా వేలు పెట్టి, "దీంతో ఇల్లు గుల్లే" అని చెప్పడం ఆయన వ్యసనం. నేనెరిగినంతలో మంచి సుడి అన్నది ఒక్కటీ ఆయన కంట పడలేదు.

మనుషుల్నీ వదిలేవాడు కాదు. ఓబుళేసు కొడుకు పెళ్లిలో, తలంబ్రాల వేళ, పెళ్లికొడుకు తలపాగా జరిపి చూసి, "రెండుండాయి. ఇంకొక పెళ్లి తప్పదు" అన్నాడు. ఆడపెళ్లివారు కొట్టడానికి లేచారు. ఆయన భార్య మస్తానాబీ అడ్డం పడింది.

"ఈయప్ప మాట పట్టించుకోవద్దండప్పా! నాకు మూడుండాయి, ముగ్గురు మొగుళ్లని నిఖా నాడే చెప్పినాడు. ఈయప్ప ఒక్కడితోనే ఏగలేక చస్తాండా!"

అరవైల్లో ఒక కరువేడు. బెళుగుప్ప పక్క పల్లెలో నేను గ్రామసేవకుణ్ణి. జనం గంజి కేంద్రం ముందు గిన్నెలు పట్టుకుని కూర్చున్న రోజుల్లో, సన్నకారు రైతుల పండుగ చేసి పశువుల ప్రదర్శన పెట్టమని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. రాసిన మహానుభావుడు ఏ ఫ్యాను కింద కూర్చుని రాశాడో! తోరణానికి మామిడాకులు కూడా దొరక్క రంగుకాగితాలు కట్టాను.

మొదటి బహుమతి తన కళ్లంలోని గడ్డివామి అని పంచాయతీ ప్రెసిడెంటు వీరప్ప ప్రకటించాడు. ఆ దానగుణానికి మనం కళ్లు తుడుచుకోనక్కర లేదు. ఊళ్లో కండ మిగిలిన జత ఆయనదొక్కటే. వామి కళ్లం దాటే ప్రమాదమే లేదు. బహుమతి తేల్చడానికి జమాల్ సాబ్‌ను కూర్చోబెట్టిందీ ఆయనే.

ఆ రోజు వచ్చినవి పశువులు కావు. తోలు కప్పిన ఎముకలు. కొన్నిటిని తోక పట్టి లేపి నిలబెట్టారు. హనుమక్క తన జతను ప్రదర్శనకు కాదు, అమ్మకానికి తోలుకొచ్చింది. మగదిక్కు లేని ఇల్లు. ఇంటికప్పు మీది బోదగడ్డి కూడా పీకి ఎద్దులకే వేసింది. ఆ జత పోతే రేపు వాన పడ్డా ఆమె చేను బీడే. అయినా, కాలవ కింది పల్లెల్లో ఎద్దులమ్ముకునే దళారీ సుంకప్ప చెప్పిన ధరకే తలూపింది.

పలుపు చేతులు మారుతుండగా జమాల్ సాబ్ ఒక ఎద్దు మూపురం కింద వేలు పెట్టి కేక వేశాడు.

"యా అల్లా! వానకట్టు సుడి!"

"అదేం సుడి సాబూ?" అన్నాడు సుంకప్ప.

"దీన్ని కొన్నోని చేన్లో చినుకు పడదు. కాలవ గూడా ఎండుతాది."

సుంకప్ప పలుపు కింద పారేసి చేతులు దులుపుకున్నాడు.

హనుమక్క ఉన్నచోటే కూలబడింది. "నీ నోట్లో మన్ను పడ! ఈ పొద్దు అమ్మకపోతే ఆకలికి చస్తాయి గదా! నీకేం ద్రోహం చేసినాను సాబూ?"

నాకు ఒళ్లు మండిపోయింది. "నోరు మూసుకోండి సాబ్!" అని మైకులోనే అరిచాను.

ఆయన ఆ మైకు లాక్కున్నాడు. "ఇంకా వినండప్పా! ఈ సుడి ఉండే ఎద్దు ఆకలితో చచ్చిందంటే ఆ ఊరికి ఇంక వానే లేదు. ప్రెసిడెంటు బావికే ముందు ముప్పు!"

ఊళ్లో నీళ్లున్న బావి వీరప్పదొక్కటే. ఆయన మొహాన నెత్తురు చుక్క లేదు.

"మరి ఏం చేయాల సాబూ?"

"వాన పడేదాకా కట్టేసి మేపాల. వామి ఉండాది గదా?"

వీరప్ప చేసేది లేక తలూపాడు. అది చూసి గుంపులోంచి మారెక్క అనే ఇంకో రైతు తన బక్క ఎద్దును నెమ్మదిగా ముందుకు తోలింది. "మాదానికీ ఉండాదేమో చూడు సాబన్నా."

సాబ్ తడిమి తల బాదుకున్నాడు. "అయ్యో, ఇదీ వానకట్టే!"

ఇంకేముంది, వరుస కట్టారు. వీరప్ప జతకు తప్ప అన్నిటికీ అదే సుడి. "నీ జత బంగారమప్పా, బహుమతి నీదే" అని ప్రెసిడెంటు మెడలో కాగితాల దండ కూడా వేశాడు.

సాయంత్రం వీరప్ప కళ్లంలో ఊరి ఎద్దులన్నీ వామి చుట్టూ చేరాయి. గడ్డి నమిలే చప్పుడు విని ఎన్నాళ్లయిందో! హనుమక్క వాటి మధ్య కూర్చుని ఏడుస్తూ నవ్వుతోంది. ఆమె ఎద్దు మూపురం కింద ఎంత వెతికినా నాకేమీ కనపడలేదు.

"ఏది సాబ్, ఆ సుడి? నాకూ చూపించండి."

జమాల్ సాబ్ బీడీ ముట్టించుకుని నావైపు జాలిగా చూశాడు.

"ఏమప్పా సారూ, ఆకలికి వాటి బొచ్చంతా రాలిపోయింది గదా. ఇంక సుడి యాడ కనపడ్తాది?"