ఒక గుక్క కల్లు

ఇన్నేళ్లుగా ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. ఇక మోయలేక మీకు చెబుతున్నాను. చనిపోయిన ఒక మనిషిని నేను తాగుబోతును చేశాను.

కోరుట్లలో మాది చిన్న ఆఫీసు. ప్రమాదంలో ఎవరైనా పోతే ఇంటికి వెళ్లి విచారించడం, బీమా ఇవ్వాలో వద్దో తేల్చడం బీమా కంపెనీ మాకే వదిలేసింది. మేం తేల్చిందే దాని మాట. ఎక్కువమందికి కాదంటేనే మా సారుకు కాంట్రాక్టు నిలుస్తుంది, నాకు ఉద్యోగం నిలుస్తుంది. ఆ సంగతి ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఏముంది?

కథలాపూర్ దగ్గర ఒక గీత కార్మికుడు తాటిచెట్టు మీంచి పడి చనిపోయాడు. మా నాయనా తాటిచెట్లెక్కినవాడే అని నేననగానే అతని భార్య మల్లవ్వ మంచం వాల్చి ఛాయ్ పెట్టింది.

"ఆ పొద్దు కల్లు తాగిండా అక్కా?"

"తాగుడు గాదు తమ్మీ, రుచి సూసిండు. మొదటి చెట్టు కల్లు దించినంక ఒక్క గుక్క. తను సూడంది ఎవ్వలకు పొయ్యడు."

ఎంత గర్వంగా చెప్పిందో. మా నాయనా అలాగే రుచి చూసేవాడు. అది తాగడం కాదని నాకన్నా ఎవరికి తెలుసు? అయినా, తాగి చెట్టెక్కాడని భార్యే ఒప్పుకుందని రాశాను. తాగి ఉంటే బీమా రాదు. ఎందుకు రాశాను? ఆ నెల ఒక్క బీమానూ కాదనలేదని సారు మొహం మాడ్చుకున్నాడు. అంతే, అంత చిన్న కారణం.

కంపెనీ వాళ్లు ఆమెకు ఒక్క ఫోను చేసినా దొరికిపోయేవాణ్ణి. ఎవరూ చేయలేదు. తప్పు వాళ్ల మీదికి నెట్టి ఊరట పడదామని ఎన్నోసార్లు చూశాను, కానీ విని, అర్థం చేసుకుని, వంకరగా రాసింది నేనే కదా.

మొన్న కోరుట్ల బస్టాండులో మల్లవ్వ కనిపించింది, చేతిలో బీడీల గంప. తప్పుకుందామనుకున్నాను. ఆమే పిలిచింది.

"నువ్వు మంచిగనే అడిగితివి తమ్మీ. నేనే నోరు జారిన. బీమా రాదన్న కాయితంల నా మాటనే రాసిండ్రు. ఊరంతట ఆయనను తాగుబోతోణ్ణి జేసిన. నా బిడ్డ నాతోని మాట్లాడతలేదు."

నేనేమన్నాను? బస్సు వచ్చిందన్నాను.

ఆమె నోరు జారలేదు. నిజమే చెప్పింది. ఆ మాట ఆమెకు చెప్పాల్సింది, మీకు చెబుతున్నాను. నాకు కాస్త ఊపిరాడుతోంది. ఆమెకు మాత్రం ఇంకా తెలియదు.